తరుగు

ఆస్లౌగ్ గదికి ఎదుటి గది నాది.
పద్దెనిమిదేళ్లు మా మధ్య ఒక సన్నటి వరండా,
ఒక కాఫీ యంత్రం,
బెర్గెన్ వానకి ఎన్నడూ ఆరని రెండు గొడుగులు.

నాది ఓడల బీమా. మునిగినవాటి లెక్క.
ఆమెది మునగకుండానే మాయమైనవాటి లెక్క.

"చూడు," అనేది కళ్లజోడు నుదుటి మీదికి తోసి,
"మన రేవు చిట్టాలో వంద బేళ్లు వెళ్లాయి.
లేగోస్ చిట్టాలో అరవై మూడే దిగాయి.
సముద్రం ఎండుచేప తినదు కదా!"

లోఫోటెన్ దీవుల్లో పుట్టిందామె.
అక్కడ ఫిబ్రవరి చలిలో కాడ్ చేపల్ని
తోకలు ముడేసి జంటలు జంటలుగా
కర్రల పందిళ్ల మీద వేలాడదీస్తారు.
ఉప్పు లేదు, పొగ లేదు,
వంటంతా గాలిదే.
మే నెల వెళ్లేసరికి
ఐదు కిలోల చేప కాటా మీద ఒక్క కిలో.
మిగతా నాలుగూ గాలి పద్దు.

వాళ్ల నాన్న చేపల తనిఖీదారు.
మెడ దగ్గర వాసన చూసి, వెలుతురుకి ఎత్తి,
వెన్ను మీద బొటనవేలు నొక్కి
ఒక్క మాట అనేవాడట: "ఇటలీ."
ఇంకోదానికి: "ఆఫ్రికా."
ఒకే వలలో పడ్డ రెండు చేపలకి
రెండు ఖండాలు ఎవరు రాసిపెట్టారా అని
ఆరేళ్ల పిల్ల గుమ్మంలో కూర్చుని చూసేది.
"నా పరిశోధనంతా ఆ గుమ్మంలోదే,
తర్వాత రాసినవన్నీ పాదసూచికలు" అంది ఓసారి.

వర్తకానికో సూత్రం ఉంది.
నాకు రుమాలు కాగితం మీద గీసి చూపించింది.
దేశాలు పెద్దవైతే సరుకు ఎక్కువ,
దూరం పెరిగితే తక్కువ.
చుక్కలన్నీ గీతని ఆనుకుని బుద్ధిగా కూర్చున్నాయి,
నైజీరియా చుక్క ఒక్కటే
బడి ఎగ్గొట్టిన పిల్లాడిలా ఎక్కడో పైన.
ఇంత దూరం, ఇంత సుంకం,
అయినా ఈ చేప ఎందుకు వెళ్తోంది?
తెలియనిదానికి మా శాస్త్రం
ఒక గ్రీకు అక్షరం తగిలించి
వాక్యం చివర కూర్చోబెడుతుంది.

ఆ అక్షరాన్ని వెతుక్కుంటూ
యాభై రెండో ఏట ఆబా మార్కెట్‌కి వెళ్లింది.
ఒబియాగేరి కొట్లో బస్తా విప్పగానే
నాన్న చొక్కా వాసన గుప్పుమందట.

చేపని రంపంతో కోస్తూ ఒబియాగేరి అడిగింది:
"మీ ఊళ్లో దీన్నెలా వండుతారు?"
"మేం పెద్దగా తినం. మీకు అమ్ముతాం."
ఆవిడ నవ్వుకి పక్కకొట్ల వాళ్లు తొంగిచూశారు.

నవ్వు ఆగాక చెప్పింది.
యుద్ధం నాటి ఆకలి.
రాత్రిళ్లు దీపాలార్పేసిన రోడ్డు మీద
విమానాలు దించిపోయిన చేప.
ఒక్క ముక్కని వాళ్లమ్మ మూడు పూటలు
మూడు చారుల్లో మరిగించడం.
"ఒక్పొరోకో అంటాం దీన్ని,
కుండలో చప్పుడు చేసేది."

"ధర రెట్టింపైతే మానేస్తారా?"
అడిగింది ఆస్లౌగ్ కాదు, ఆమె ప్రశ్నపత్రం.
"మానేస్తే కుండ ఏమంటుంది?"

"మరి ఆ ముప్పై ఏడు బేళ్లు?"
ఒబియాగేరి రంపం ఆపలేదు.
"ఏ ముప్పై ఏడు?"
ఆవిడ వెనక, పైకప్పు దాకా పేర్చిన బస్తాల మీద
పొరుగుదేశపు రేవు ముద్ర
సిరా ఇంకా కొత్తగానే ఉంది.

పత్రం అచ్చయింది. పట్టికలున్నాయి.
కొటొనూ పేరు లేదు, ఆబా పేరు లేదు.
మంత్రిత్వ శాఖ ఉత్తరం రాసింది:
తేడాకి కారణం దయచేసి వివరించగలరు.
నా గుమ్మంలో నిలబడి పైకి చదివి,
అక్కడికక్కడే పెన్సిల్‌తో జవాబు రాసింది:
"ఎండబెట్టినప్పుడు తరుగు సహజం."
అబద్ధమే. ఆ జవాబు పంపిందో లేదో
నేనడగలేదు.

పోయిన శుక్రవారం ఆమె గది ఖాళీ చేసింది.
గొడుగు మర్చిపోయింది.
నా బల్ల మీద మాత్రం, రేవు చిట్టాల కాగితంలో చుట్టి
గట్టి కర్రముక్కలాంటిది ఒకటి పెట్టి వెళ్లింది.

అరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను,
ఎప్పుడూ వండలేదు.
మూడు రోజులు నానాలట.
ఇవాళ రెండో రోజు.